ఒక్కరు తక్కువ

బడి మెట్ల మీద ఉప్పు చల్లుతున్న డెల్మర్ వొబోరిల్ జేబులో ఫోను మోగింది. బకెట్టు కింద పెట్టి ఫోను చెవికి ఆనించుకున్నాడు. చలి ఎంతగా ఉందంటే, ఆ పూట ఎదురింటి వర్జిల్ తుమ్మితే మీసం సగం విరిగి మంచులో పడిందని, వెతుక్కుని మళ్ళీ అతికించుకున్నాడని ఊళ్ళో ఇప్పటికీ ఒట్టేసి చెప్పేవాళ్ళున్నారు.

"శుభోదయం డెల్మర్ గారూ! సెనేటర్ రిడ్లీ గారి తరఫున మాట్లాడుతున్నానండీ. ఈ సాయంత్రం మీరు ఎవరి మూలలో నిలబడబోతున్నారో తెలుసుకుందామని..."

"అమ్మా, మా ఊళ్ళో రిడ్లీ మూలకి పెద్ద మా ఆవిడే. నా సంగతి ఏదన్నా కావాలంటే ఆవిణ్ణే అడుగు. నాకన్నా ఆవిడకే బాగా తెలుసు."

ఫోను పెట్టి బకెట్టు అందుకునేలోపే మళ్ళీ మోగింది. ఈసారి తీయలేదు. రెండు మెట్లు అయ్యాక ఇంకోసారి మోగింది. అలా ఆ పొద్దున ఒక్కో మెట్టుకి ఒక్కో అభ్యర్థి వాలంటీరు చొప్పున మోగుతూనే ఉంది.

ఏడాదిగా ఇదే వరస. నోవాక్ క్రాసింగ్ అంటే ఒక బడి, ఒక చర్చి, ఒక సారా కొట్టు, గింజల గోదాము. అంతే. కానీ ఈ దేశానికి అధ్యక్షుడు కావాలనుకున్న ప్రతివాడూ ముందు పార్టీలో తనవాళ్ళ చేత ఔననిపించుకోవాలి, ఆ ఔననడం మొదలయ్యేది మా అయోవాలో. అందుకని మొక్కజొన్న మోకాలెత్తు రాకముందే మొదటివాడు దిగాడు. చేలో దిష్టిబొమ్మకి కూడా చెయ్యిచ్చి, నీ కష్టాలేంటి చెప్పు అని అడిగాడట. ఆ తర్వాత వాళ్ళు కోళ్ళ గూడు తలుపు తీసినట్టు వచ్చిపడ్డారు. వొబోరిల్ వాళ్ళింటి ముందు ఉత్తరాల డబ్బా కరపత్రాల బరువుకి ఒంగి ఒంగి, కోతలనాటికి నేలకి దణ్ణం పెట్టింది. వాళ్ళ కుక్కయితే దొంగలొస్తే తోకాడిస్తుంది గానీ, చేతిలో అట్టపలక పట్టుకున్న మనిషి కనబడితే మంచం కింద దూరుతుంది.

డెల్మర్ ఆరడుగుల పైన మనిషి. ఎడమ చెవి అంచు ఎప్పుడో మంచు కొరికేసింది. నడుముకి తాళాల గుత్తి. బడిలో చీపురు పట్టి పట్టి, చీపురు లేనప్పుడు కూడా చేతులు ఒకదాని కింద ఒకటి పెట్టుకుని, లేని కర్రకి ఆనుకున్నట్టే నిలబడతాడు. చర్చిలో కీర్తనలప్పుడూ అలాగే. పెళ్ళి ఫోటోలోనూ అలాగే అంటుంది అతని భార్య బ్లాంచ్, అప్పటికింకా చీపురు పట్టకపోయినా.

అతని బతుకులో అతను ఎంచుకున్నదంటూ పెద్దగా ఏమీ లేదు. పొలం అన్నకి పోయింది. ఈ ఉద్యోగం, ముందున్న మనిషి నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకుంటే వచ్చింది. పెళ్ళి సంగతైతే, బ్లాంచ్ అడిగింది, ఇతను సరేనన్నాడు. నాలుగేళ్ళకోసారి ఈ నిలబడే సాయంత్రం వస్తుంది. అప్పుడు కూడా బ్లాంచ్ ఏ మూలకి నడిస్తే ఆ మూలకి, కోటు పట్టుకుని వెనకే.

ఈసారి మాత్రం తనకే ఎవరో ఒకరు నచ్చాలనుకున్నాడు. నచ్చారు కూడా. ముందు ఒక నగర మేయరు నచ్చాడు. ఆయన ఆకులు రాలేనాటికి పోటీ మానేసి దుకాణం కట్టేశాడు. తర్వాత ఒక డాక్టరమ్మ నచ్చింది. ఆవిడా నవంబరులో టర్కీ కోడి పండక్కి ముందే సెలవు పుచ్చుకుంది. సారా కొట్లో ఇతని పేరు చెప్పి పడీ పడీ నవ్వారు. "ఒరేయ్ డెల్మర్, నీకు దణ్ణం పెడతాం, కాస్త ఆ అవతలి పార్టీ రిపబ్లికన్ల వాణ్ణెవణ్ణన్నా ఇష్టపడరా. పీడ విరగడవుతుంది!"

మూడోవాడు టాల్‌మన్. ఎక్కడో కొండల రాష్ట్రానికి పాత గవర్నరు. బడి జిమ్‌లో మీటింగు పెడితే గోడ గడియారం తప్ప ఎవరూ పూర్తిగా వినలేదు. అందరూ వెళ్ళిపోయాక డెల్మర్ కుర్చీలు మడవడానికి వస్తే, ఆ మనిషి కోటు విప్పి పక్కన పడేసి, తనూ మడవడం మొదలెట్టాడు. ఫోటో తీసేవాళ్ళు కూడా లేరు. ఇద్దరూ ఆఖరి కుర్చీ దాకా మడిచారు. చివర్లో డెల్మరే అన్నాడు, "నీ మూలలో నేను నిలబడతాను." అడక్కుండా ఇచ్చిన మాట అది. తన నోటినుంచి వచ్చిన మాట వినబడి తనే అదిరిపడ్డాడు.

ఆ మాట ఈ సాయంత్రం నిలబెట్టుకోవాలి. నిలబడితే చాలదు, మూల కూడా నిలవాలి. మా దగ్గర పెట్టెలో చీటీ వేసే పని లేదు. ఎవరికి నచ్చినవాళ్ళ పేరు కింద వాళ్ళు నిలబడాలి, తలలు లెక్కపెడతారు. గదిలో ఉన్నవాళ్ళలో తగినంతమంది చేరని మూలని చెల్లదని కొట్టేస్తారు. అందులో ఉన్నవాళ్ళు వేరే మూలలకి చెదిరిపోవాలి.

మధ్యాహ్నం పిల్లల భోజనాలయ్యాక వంటగదిలోకి వెళ్ళాడు. బ్లాంచ్ అక్కడ వంటమనిషి. పొట్టిగా, గట్టిగా, పెద్ద అండా ముందు నిలబడి పిండి పిసుకుతోంది. సాయంత్రం రిడ్లీ మూలలో పంచడానికి కోలాచీలనే తీపి బన్నులు, మధ్యలో గసగసాల ముద్ద పెట్టి. ఏప్రను మీద పళ్ళెమంత బిళ్ళ: "రిడ్లీ కెప్టెన్".

"బ్లాంచీ."

"పేర్లతో పని లేదు. కెప్టెన్ అను."

"కెప్టెనూ. ఒక మాట."

"టాల్‌మన్ సంగతైతే వద్దు. చేతులు పిండిలో ఉన్నాయి, నవ్వొస్తే కడుపు పట్టుకోడానికి కూడా లేదు."

"మా మూల ఇవాళ నిలవకపోవచ్చు. పాల డెయిరీ ఎమిల్ లెక్కేశాడు. అటో ఇటో."

"అయితే?"

"నువ్వొస్తే..."

బ్లాంచ్ చేతులు ఆపింది. "ఏమయ్యా, ఏడాది నుంచి ఈ పిచ్చి చాకిరీ చేస్తున్నానా? మంచులో ఇల్లిల్లూ తిరిగానా? వర్జిల్ పెళ్ళాం చేత కూడా సరేననిపించానా? ఇప్పుడు నేనే ఫిరాయిస్తే ఊరు ఊరంతా నా మొహాన నవ్వదూ?"

"నవ్వుతుంది," ఒప్పుకున్నాడు డెల్మర్.

"నీకేం కావాలయ్యా అసలు? ఆయన గెలవాలనా?"

"గెలవడు."

"మరి?"

అతను లేని చీపురు మీద ఆనుకున్నాడు. "మన ఊళ్ళో ఆయన పేరు కింద ఒక అంకె పడితే చాలు. నేను నిలబడ్డానని తెలిసేట్టు."

బ్లాంచ్ పిండి చేతులు ఏప్రనుకి తుడుచుకుంది. ముందు వాయిలో కాలిన కోలాచీ ఒకటి తీసి అతని నోట్లో కుక్కింది. "వెళ్ళు, పిల్లలు మెట్ల దగ్గర కక్కారట. చూడు."

సాయంత్రానికి జిమ్‌లో కాలు పెట్టే సందు లేదు. ఊళ్ళో అంతమంది ఉన్నారని ఊరికే తెలియదు. గంపలకొద్దీ కోట్లు, బూట్ల కింద కరిగిన మంచు, తడి ఉన్ని కంపు. మూల మూలకీ ఒక పేరు గోడకి అంటించారు. మైకు పట్టుకున్నది వర్జిల్, మీసంతో సహా. విత్తనాల కొట్టు నడిపి మానేసినవాడు. అతనికి మైకు ఇస్తే లాక్కోడానికి ట్రాక్టరు కావాలి.

ముందు పార్టీ పెద్దల ఉత్తరాలు చదివాడు. తర్వాత జిల్లా వాళ్ళ ఉత్తరాలు. ఆ తర్వాత నిబంధనలు. ఒకటోది చదివి, ఎవరికన్నా సందేహమా అన్నాడు. ఎవరికో ఉంది. అది తీరేలోపు ఇంకొకరికి పుట్టింది. వెనక బల్ల మీద ఎవరి బామ్మో నిద్రపోయి, లేచి, ఎవరు గెలిచారర్రా అని అడిగి, మళ్ళీ నిద్రపోయింది. కోళ్ళ ఫారంలో రాత్రి డ్యూటీ ఉన్నవాళ్ళు గడియారం చూసుకుంటూ ఒక్కొక్కరే తలుపు వైపు జరిగారు.

"ఒరేయ్ వర్జిల్!" ఎమిల్ కూచెరా అరిచాడు. పాల డెయిరీ వాడు, టాల్‌మన్ మూలకి అతనే పెద్ద దిక్కు. "మా ఆవులు ఈనే లోపలన్నా లెక్కెడతావా?"

"నిబంధన ప్రకారం వెళ్ళాలి కదరా!"

"నిబంధన ప్రకారం మా వాళ్ళు డ్యూటీలకి వెళ్ళిపోతున్నారు!"

చివరికి నిలబడండి అన్నాడు. జనం పుట్ట పగిలిన చీమల్లా కదిలారు. బ్లాంచ్ మూల గోడ దాటి తలుపు దాకా నిండింది. టాల్‌మన్ పేరు కింద ఎమిల్, అతని భార్య, ఒక రిటైరైన టీచరు, బస్సు నడిపే అన్నదమ్ములు, ఇంకొందరు. డెల్మర్ గోడకి వీపు ఆనించి చేతులు ఒకదాని కింద ఒకటి పెట్టుకుని నిలబడ్డాడు. ఇటు చూసిన ప్రతివాడూ, "అరే డెల్మర్, దారి తప్పావా? మీ ఆవిడ అటుంది," అన్నాడు. అతను నవ్వి ఊరుకున్నాడు. మొహం మాత్రం వేడెక్కింది.

చెయ్యెత్తి ఎవరి అంకె వాళ్ళు పైకి చెప్పాలి. మొదటిసారి లెక్క తప్పింది. చెవుడున్న ఓటో అనే ముసలాయన తన అంకె రెండుసార్లు చెప్పాడు. రెండోసారి బస్సు అన్నదమ్ములు ఒకేసారి ఒకే అంకె చెప్పారు. మూడోసారి కుదిరింది. ఆఖరి అంకె డెల్మర్‌దే.

"ఇరవై రెండు," అన్నాడు. గొంతు కీచుమంది.

వర్జిల్ కాగితం చూసుకున్నాడు. "ఇరవై ముగ్గురు కావాలి. టాల్‌మన్ మూల ఒక్కరు తక్కువ. అరగంట టైమిస్తున్నా. ఒకర్ని తెచ్చుకోండి, లేదా చెదిరిపోండి."

ఇక చూడాలి సంత! అన్ని మూలలూ ఇటే వచ్చి పడ్డాయి. ఒకడు ఎమిల్ భుజం మీద చెయ్యేసి తాతల నాటి స్నేహం గుర్తుచేశాడు. ఒకావిడ టీచరమ్మకి అల్లిన శాలువా చూపించింది. డెల్మర్ మాత్రం గది అడ్డంగా నడిచి బ్లాంచ్ ముందు ఆగాడు. తాళాలు గలగలలాడాయి. రిడ్లీ మూల అంతా చెవులు రిక్కించింది.

"ఒక్కరు," అన్నాడు.

"విన్నాను."

"ఒక్కరే బ్లాంచీ."

"ఇంతమందిలో నాచేత అనిపించుకోకయ్యా," ఆమె చిన్నగా అంది. తర్వాత గట్టిగా, అందరికీ వినబడేలా, "ఇంట్లో ఒకే మంచం గానీ ఇక్కడ రెండు మూలలు! పో, పో, నీ గవర్నరు దగ్గరికి పో!"

అందరూ గొల్లున నవ్వారు. డెల్మర్ కూడా నవ్వి వెనుదిరిగాడు. సరిగ్గా అప్పుడే నడవలోంచి ఎవరో అరిచారు.

"డెల్మర్! మరుగుదొడ్లోంచి నీళ్ళు! ఇటే వచ్చేస్తున్నాయి!"

అంతమందిని ఆ గొట్టాలు ఎన్నడూ చూడలేదు పాపం. నీళ్ళు తలుపు కిందినుంచి కొత్త పెళ్ళికొడుకులా ఠీవిగా జిమ్ వైపు నడిచొస్తున్నాయి. డెల్మర్ ఎమిల్‌ని పట్టుకున్నాడు. "ఇప్పుడే వస్తా. నన్ను లెక్కెట్టు."

"త్వరగా రారా నాయనా!"

నీళ్ళు కట్టేసే చక్రం వేదిక వెనక సొరంగంలాంటి సందులో ఉంది. మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి తిప్పాడు. తిరిగింది. చెయ్యి తీశాడు. వెనక్కి తిరిగిపోయింది. లోపల పళ్ళు అరిగిపోయాయి. మారుస్తామని బడి పెద్దలు అంటూనే ఉన్నారు, ఏళ్ళనుంచి. మళ్ళీ తిప్పి, రెండు చేతులతో పట్టుకుని, భుజం ఆనించి బిగబట్టాడు. ఇప్పుడు ఆగింది. అతను వదలనంతసేపు ఆగుతుంది.

"ఎవరన్నా ఒక రెంచి తెండిరా!" అరిచాడు.

తెస్తానని ఎవరో అన్నారు. అడుగుల చప్పుడు దూరమైంది. ఆ రెంచి ఎక్కడుందో వెళ్ళినవాడికి తెలియదు. అతను ఊరంతా తిరిగి, పక్క ఊరు కూడా వెళ్ళొచ్చాడేమో అన్నంత సేపు రాలేదు.

సందుకీ జిమ్‌కీ మధ్య ఒక్కటే ఇటుకల గోడ. టాల్‌మన్ మూల సరిగ్గా ఆ గోడకి అటువైపు. మైకులో వర్జిల్ గొంతు గోడలోంచి వచ్చింది. "టైము అయిపోయింది. మళ్ళీ లెక్క. టాల్‌మన్ మూల, మొదలెట్టండి."

"ఒకటి," ఎమిల్ గొంతు. "రెండు," అతని భార్య. టీచరమ్మ. బస్సు అన్నదమ్ములు ఈసారి విడివిడిగా. డెల్మర్ చక్రం మీద చెంప ఆనించి వింటున్నాడు. చక్రం దగ్గర కారే చల్లటి నీళ్ళు మెడ మీంచి చొక్కాలోకి పోతున్నాయి. ప్రతి గొంతూ గుర్తుపట్టాడు. పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటి.

అక్కడ ఆగాలి. ఇరవై రెండు తనది.

"ఇరవై రెండు," అంది ఒక ఆడగొంతు.

ఆ గొంతు పొద్దున్నే అండా మూత తీస్తూ పిల్లల మీద అరిచే గొంతు. పెళ్ళి చేసుకుందామా అని అడిగిన గొంతు. రిడ్లీ మూలలోంచి "ఓసి ద్రోహీ!", "కెప్టెనూ, ఎక్కడికే!" అన్న కేకలు గోడ దాటి వచ్చాయి.

డెల్మర్ చక్రం వదలకుండానే గోడ వైపు మొహం తిప్పి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాడు. "ఇరవై మూడు! ఇరవై మూడు!"

 అవతల అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు.

"అదిగో ఆయనే!" బ్లాంచ్ అరుస్తోంది. "విన్నావా వర్జిల్? రాసుకో!"

"గోడలకి ఓటు లేదు బ్లాంచ్," మైకులో వర్జిల్. అతనూ నవ్వుతున్నాడు, కానీ చెడ్డగా కాదు. "మనిషి మూలలో కనబడాలి. ఒరేయ్ డెల్మర్! రారా బాబూ! ఆగుతాం!"

ఆగారు. అది నిజం, ఆగారు. డెల్మర్ చక్రం మీంచి ఒక చెయ్యి తీసి చూశాడు. గొట్టం గుర్రుమని, నడవలో ఎవరో "అయ్యయ్యో, బామ్మ కాళ్ళ కిందికి వచ్చాయి!" అని కేకేశారు. మళ్ళీ రెండు చేతులూ వేశాడు. ఎమిల్ పిలిచాడు. బ్లాంచ్ పిలిచింది. ఎవరో టైము, టైము అన్నారు. ఎవరో డ్యూటీ అన్నారు.

"నేనింక ఏం చెయ్యను," అన్నాడు వర్జిల్, మైకు మూతికి కాస్త దూరంగా పెట్టుకుని. "టాల్‌మన్ మూల చెల్లదు."

బూట్ల చప్పుడు గోడ దగ్గరనుంచి తరలిపోయింది. డెల్మర్ పట్టు వదల్లేదు. వదిలితే నీళ్ళొస్తాయి.

రెంచి వచ్చి, చక్రం బిగించి, నడవ తుడిచి అతను జిమ్‌లోకి వచ్చేసరికి మిగిలిన మూలల్లో ఎవరి సంబరం వాళ్ళు చేసుకుంటున్నారు. ఎమిల్ ఎవరిదో టోపీ పెట్టుకుని తల వంచుకుని ఇంకో పేరు కింద నిలబడ్డాడు. టాల్‌మన్ పేరు కింద బ్లాంచ్ ఒక్కతే ఉంది. ఏప్రను మీద బిళ్ళ ఉన్నచోట రెండు పిన్ను చిల్లులు.

"నువ్వెందుకొచ్చావే?" అన్నాడు.

"నువ్వుంటావని," అంది.

చొక్కాలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆమె ఏప్రను కొంగుతో అతని మెడ తుడిచింది. వర్జిల్ కాగితం పట్టుకుని వచ్చాడు. "మీ ఇద్దర్నీ ఎటు వెయ్యమంటారు? రిడ్లీ వైపే వేసెయ్యనా?"

"వాళ్ళిప్పుడు నన్ను రానివ్వరు," అంది బ్లాంచ్.

"మమ్మల్ని వదిలెయ్యరా వర్జిల్," అన్నాడు డెల్మర్. "లెక్కలోకి వద్దు."

వర్జిల్ మీసం సవరించుకుని వెళ్ళిపోయాడు. ఇద్దరూ అక్కడే గోడకి ఆనుకుని చివరిదాకా నిలబడ్డారు. అతను ఎంచుకున్న చోట ఆమె వచ్చి నిలబడడం అదే మొదలు.

జనం పోయారు. బ్లాంచ్ ఊడుస్తుంటే డెల్మర్ తుడుస్తున్నాడు. ఫోను మోగింది. టాల్‌మన్ వాలంటీరు, కెండ్రా అనే పిల్ల. ఎక్కడో సముద్రం ఒడ్డునుంచి వచ్చి, ఏడాదిగా వారానికోసారి ఇతనితో వాతావరణం మాట్లాడింది. ఈసారి ముక్కు ఎగబీలుస్తోంది.

"సార్... ఆయన తప్పుకున్నారండీ. ఇప్పుడే. మిగతా రాష్ట్రాలకి వెళ్ళడం లేదు."

"ఆహా," అన్నాడు డెల్మర్.

"మీ ఊళ్ళో ఎంతమంది సార్? ఆయన అడిగారు."

డెల్మర్ బ్లాంచ్ వైపు చూశాడు. "సరిపోయారమ్మా," అన్నాడు. "నువ్వేమన్నా తిన్నావా? ఏడవకు. ఏమన్నా తిని పడుకో."

ఫోను జేబులో పెట్టుకున్నాడు.  బ్లాంచ్ గోడ మీంచి పేరు తీసి, నలపకుండా మడిచి చెత్తబుట్టలో వేసింది. దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ తలుపు దాకా వెళ్ళారు.

ఆ మూలలో వేడినీళ్ళ గొట్టాల మీద ఎవరో ఆరబెట్టి మరిచిపోయిన ఎర్ర ఉన్ని చేతితొడుగు ఒక్కటి, లోపల చెయ్యి లేకపోయినా బిగుసుకుని, లెక్కకి చెయ్యెత్తినట్టు నిటారుగా నిలబడి ఉంది.